మూడో పేరాలో ఒక వాక్యం

పదవీ విరమణ రోజు కేకు మీద
ఆయన పేరులో ఒక అక్షరం తప్పు పడింది.
లియాండర్ పార్డీ నవ్వి
ఆ తప్పున్న ముక్కే కోసుకు తిన్నాడు.
ఏడేళ్లయింది.

ఇప్పటికీ రాత్రి షిఫ్టు దిగే వేళకి
స్టేషన్ వెనక ఆయన పాత కరోలా ఉంటుంది,
వైపర్లు అద్దానికి అతుక్కోకుండా పైకెత్తి.
రెండు ఫ్లాస్కులు. ఒకదాంట్లో టీ,
ఒకదాంట్లో బఠాణీ సూపు.
ఎలా ఉన్నావని ఎవర్నీ అడగడు.
"దానికి పోలీసు జేబులో జవాబు ఎప్పుడూ సిద్ధమే" అంటాడు.
"ఏం తిన్నావు?" అంటాడు.
గుర్తు రాక మనం నిలబడిపోతే
పక్క సీటు తలుపు తెరుస్తాడు.

నేనెక్కింది ఫిబ్రవరిలో.
మంచు పగిలిన సరస్సులోంచి పిల్లాణ్ణి తీసి
పదకొండు రోజులు,
ఎంత వేణ్ణీళ్లలో ముంచినా నా చేతులు వేడెక్కలేదు.
ఆయన హీటరు పెంచాడు,
సూపు పోసిన మూత నా వేళ్ల మధ్య పెట్టాడు.
సెయింట్ జాన్స్ రేవులో పొగమంచు బూర
రంకె వేసి, ఆగి, మళ్లీ వేసింది.
నలభై నిమిషాలకి నా నోరు పెగిలింది.
"ఒక చేతికే గ్లౌజుంది సార్."
"ఏ రంగు?" అన్నాడు.

రంగు ఎవరూ అడగలేదు అంతవరకూ.
లోతు అడిగారు, టైము అడిగారు,
ఎన్ని నిమిషాల్లో చేరామో అడిగారు.
ఎరుపు, అన్నాను.
ఎరుపు, ఎరుపు, అంటూ ఎంతసేపు ఏడ్చానో.

పుట్టుకతో ఇలాంటివాడేం కాదట.
సార్జెంటుగా ఉన్న రోజుల్లో
మెట్ల మీద వణుకుతున్న కుర్రాడితో
"మొహం కడుక్కురా, ఇంకో కేసుంది" అన్నాడట.
ఆ కుర్రాడి పేరు చెబుతాడు.
ఇంటిపేరుతో సహా, ప్రతిసారీ.

తర్వాత పైవాళ్ల గదుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు.
"పిరికివాళ్ల జాబితా కావాలా నీకు?" అన్నారు.
జాబితా ఎవరికీ చిక్కకుండా
నోటుబుక్కులో మనుషుల్ని సముద్రపు పక్షులుగా రాసుకున్నాడు.
నేను పఫిన్‌ని.
ముక్కు చూసి పెట్టావా అంటే
చెవులదాకా ఎర్రబడ్డాడు.
రెండు పక్షుల పక్కన మాత్రం
తేదీ ఉంది, తర్వాత ఏమీ లేదు.
ఆ పేజీలు గబుక్కున తిప్పేస్తాడు.

సిరిల్ నోజ్‌వర్తీకి పక్షి పేరు లేదు.
పుస్తకం కొనకముందే వెళ్లిపోయాడు.
తొమ్మిదేళ్లు ఒకే కారులో తిరిగిన జత.
ఆ నవంబరు రిపోర్టు టైపు చేసింది లియాండరే.
మూడో పేరా:
"తుపాకి శుభ్రం చేస్తుండగా పొరపాటున పేలినది."
సిరిల్ భార్య పింఛను కోసం, సిరిల్ పరువు కోసం,
తన కోసం కూడా.
చివర చుక్క పెట్టేటప్పుడు
టైపురైటరు కాగితాన్ని చింపిందట.

మొన్న వేసవిలో, రిపోర్టు సరిదిద్దమని రాసిన
అర్జీ పట్టుకుని ఎఫీ ఇంటికెళ్లాడు,
ఆమె ఒప్పుకుంటేనే పంపుదామని.
ఆవిడ బంగాళాదుంపలు చెక్కుతోంది.
తలెత్తలేదు.
"ఆ రాత్రి తుపాకి శుభ్రంగానే ఉంది లియాండర్.
నూనె గుడ్డ మడత కూడా విప్పలేదు.
ముప్పయ్యేళ్లుగా చూస్తున్నా,
నువ్వెప్పుడు చెబుతావా అని."
తర్వాత ఇంకో కత్తి తెచ్చి ఇచ్చింది.
ఇద్దరూ దుంపలు చెక్కారు.
నలుగురికి సరిపడా అయ్యాయి,
తినేవాళ్లు ఇద్దరే.

అర్జీకి జవాబింకా రాలేదు.
పాత ఫైళ్లు నేలమాళిగలో తడిసిపోయాయంటున్నారు.
"తడిస్తే ఆరబెట్టమను" అన్నాడు.

ఇవాళ తెల్లవారుజామున డ్యూటీ దిగి
సూపులో నిన్న ఉప్పెక్కువైందని చెబుదామని వెళ్లాను.
కరోలా అద్దాల నిండా ఆవిరి.
పక్క సీట్లో ఎవరో ఉన్నారు.
టోపీ డాష్‌బోర్డు మీద బోర్లా పడుంది.
ఎవరిదో చూడలేదు.
మంచులో కాలి చప్పుడు కాకుండా
చుట్టూ తిరిగి వెళ్లిపోయాను.
అదీ ఆయన దగ్గర నేర్చుకున్నదే.